పేను కుక్కినంత చప్పుడు

ఎర్లిందా క్వౌట్లే నోటికి తెవకాన్ ఊరంతా జడిసేది. చేతిలో కెమెరా ఉన్నప్పుడైతే మరీ. పెళ్ళికూతురైనా, పెళ్ళికూతురి మేనమామైన పోలీసు అధికారైనా, ఆమె ముందు నిలబడ్డాక ఆమె చెప్పినట్టు వినాల్సిందే. "గడ్డం పైకెత్తు. ఆ బొత్తాం పెట్టుకో. చిరిగిన మోచెయ్యి వెనక్కి దాచుకో. నవ్వవే తల్లీ, మీ అత్తగారు ఊరెళ్ళిపోయిందనుకుని నవ్వు!" ముప్పై ఏళ్ళుగా ఇదే పాట. ఊళ్ళో ఏ ఇంటి గోడ చూసినా ఆమె తీసిన ఫోటోలే. వాటిలో ఎవరి చొక్కా చిరిగి ఉండదు, ఎవరి బూట్లకీ బురద ఉండదు.

ఆ స్టూడియో వాళ్ళ నాన్నది. ఆయన పోయినప్పుడు అన్నలిద్దరూ అమ్మేద్దామన్నారు. ఎర్లిందా తాళంచెవి రవికలో దోపుకుని, గుమ్మంలో కుర్చీ వేసుకు కూర్చుని, "రండి, వచ్చి తీసుకోండి చూద్దాం" అంది. ఎవరూ రాలేదు. పెళ్ళి మాటెత్తిన ఒకరిద్దరు కూడా ఆ కుర్చీని చూసి వెనుదిరిగారని చెప్పుకుంటారు. ఆమె దానికీ బాధపడినట్టు కనబడలేదు. ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ నేనే చేయిస్తున్నాను, నాకింకొకటెందుకు అనేది.

ఊరు ఊరంతా జీన్సు ప్యాంట్లు కుట్టే కాలమది. కాలవల్లో నీళ్ళు కూడా నీలంగానే పారేవి. ఎర్లిందా అన్నకూతురు నసారియా కూడా మూడు కొంగల గుర్తున్న కర్మాగారంలో కుట్టుపని చేసేది. ఒక ఆదివారం ఆ పిల్ల ఎడమచేతికి గుడ్డ కట్టుకుని స్టూడియోకి వచ్చింది. జుట్టులో ఇంకా పొగ వాసన.

"అత్తా, నువ్వొక ఫోటో తీసిపెట్టాలి."

"ఎవడే వాడు?"

"పెళ్ళి ఫోటో కాదత్తా. తలుపు ఫోటో."

ఇస్త్రీల దగ్గర బట్టల మూట అంటుకుందట. మంట పెద్దది కాదు గానీ గది నిండా పొగ కమ్మేసింది. ఆడవాళ్ళందరూ వెనక తలుపు వైపు పరుగెత్తారు. ఆ తలుపు తెరుచుకోలేదు. కిటికీ అద్దం పగలగొట్టి ఊపిరి పీల్చుకున్నారు, నసారియా చెయ్యి తెగింది అప్పుడే. ఎవరూ చావలేదు. చావలేదు కాబట్టి ఏమీ జరగలేదన్నాడు యజమాని దోన్ ఎవేలియో.

ఆ తలుపుకి లోపలివైపు ఇనప గొలుసు వేసి తాళం పెట్టించింది ఆయనే. ఆడవాళ్ళు ప్యాంట్లు దొంగిలించి వెనకనుంచి బయటికి పంపేస్తున్నారని ఆయన అనుమానం. గొలుసు ఎవరి కంటా పడకుండా దాని ముందు నల్లతల్లి పీఠం పెట్టించాడు. దేవుడి తల్లి గ్వాదలూపె మాతని ఆ ఆడవాళ్ళు పిలిచేది అలాగే. పీఠం వెనక నేలదాకా ఆకుపచ్చ సాటిన్ తెర, ముందు పువ్వులు, కొవ్వొత్తులు, మూడు కొంగలు కుట్టిన పట్టు గుడ్డ. ఆ రోజున కుట్టేవాళ్ళంతా ఎంత సంతోషపడ్డారని! అయ్యగారు మనకి తల్లిని తెచ్చారని చేతులెత్తి మొక్కారు. తల్లిని కదిలించే ధైర్యం ఎవడికుంటుంది? పొగలో ఊపిరాడక చస్తున్నప్పుడు కూడా ఆ పీఠాన్ని పక్కకి నెట్టడానికి సగంమందికి చేతులు రాలేదట.

"తనిఖీకి ఒకాయన వచ్చాడత్తా. పీఠం ముందు టోపీ తీసి, దణ్ణం పెట్టుకుని, ఇక్కడ తలుపేదీ లేదే, తల్లి ఉందంతే అని వెళ్ళిపోయాడు. ఉందంటే రుజువు తెమ్మన్నాడు."

"తెర ఎత్తి చూడొచ్చుగా?"

"తల్లి తెర ఎవరెత్తుతారు?"

దేవుడి పేరు చెప్పుకుని దోచుకునేవాళ్ళని ఎర్లిందా చాలామందిని చూసింది గానీ, దేవుడి తల్లిని తాళంకప్పకి చాటు పెట్టినవాణ్ణి మాత్రం చూడలేదు. "నేనే వచ్చి తీస్తానే" అంది ముందు. మరుక్షణమే తనకే నవ్వొచ్చింది. ఆ కర్మాగారంలో ఆమె ఫోటో తీయని మొహం ఒక్కటీ లేదు. గుమ్మం దాటకముందే "దోన్యా ఎర్లిందా వచ్చింది, తల దువ్వుకోండే" అని కేకలు మొదలవుతాయి. నసారియానే తీయాలి. అందరూ తినే వేళ తీయాలి. అప్పుడు మిషన్లన్నీ ఆగిపోయి ఉంటాయి కాబట్టి చప్పుడు కాకూడదు.

బాగుచెయ్యమని ఇచ్చి మళ్ళీ మొహం చూపించని వాళ్ళ కెమెరాలు ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. వాటిని బల్లమీద బోర్లించింది.

ముందు ఒక వెండిరంగుది నచ్చింది. కొత్తది, జేబులో పడుతుంది. దూరం అదే చూసుకుంటుంది, ఫిలిం అదే తిప్పుకుంటుంది, చీకటైతే వెలుగు కూడా అదే వెలిగించుకుంటుంది. అన్నీ చేస్తుంది, చెప్పిన మాట వినడం తప్ప. దాన్ని శాలువాలో పెట్టుకుని అంగడికి వెళ్ళింది. పంది మాంసం అమ్మే ఫిదెన్సియో ముందు నిలబడి శాలువాలోంచే బొత్తాం నొక్కింది. ఫిలిం తిరిగిన చప్పుడు ముసలి పిల్లి గురక పెట్టినట్టు బజారంతా వినబడింది.

"దోన్యా ఎర్లిందా! ఉండండి, ఉండండి, ఏప్రాన్ మార్చుకోనీండి!" అని ఫిదెన్సియో కత్తి కింద పడేసి లోపలికి పరుగెత్తాడు.

దాన్నే మర్నాడు గుడిలో ప్రయత్నించింది. మసక చీకటి చూసి కెమెరా దానంతటదే ఫట్టుమని వెలుగు కక్కింది. పాపాలు ఒప్పుకుంటున్న ముసలాయన ఒకడు, స్వర్గం నుంచి జవాబొచ్చిందనుకుని గట్టిగా ఏడ్చాడు. వెండి కెమెరా మళ్ళీ పెట్టెలోకి పోయింది.

చివరికి అడుగున, సబ్బుబిళ్ళంత నల్లది ఒకటి దొరికింది. పాతది. మీద మూత పక్కకి జరిపితే చాలు, సిద్ధం. మూత మూస్తే నల్లరాయి ముక్క. వెలుగు దీపం దీనికి విడిగా తగిలించుకోవాలి, తగిలించకపోతే లేనట్టే, కాబట్టి తీసేవాళ్ళని పట్టించే ఆస్కారం లేదు. ఫిలిం బొటనవేలితో పళ్ళచక్రం తిప్పుకోవాలి. దూరానికి ఒక చిన్న మీట, దాని పక్కన మూడు బొమ్మలు: ఒక తలకాయ, ఇద్దరు మనుషులు, ఒక కొండ. బొత్తాం నొక్కితే రెండు గోళ్ళ మధ్య పేను కుక్కినంత చప్పుడు, అంతే. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అనుకుంది ఎర్లిందా.

మళ్ళీ అంగడికి వెళ్ళింది. కెమెరా అరచేతిలో, చెయ్యి నడుం దగ్గర, కన్ను మిరపకాయల మీద. ఫిదెన్సియో చంక గోక్కుంటూనే ఉన్నాడు. ఫిలిం కడిగి చూస్తే నోరు కొంచెం తెరుచుకుని, ఎటో చూస్తూ, అలసిపోయి ఉన్నాడు. భార్య పోయినవాడి మొహం అది. పోయి రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళలో అతని ఫోటో తను నాలుగుసార్లు తీసింది, నాలుగింటిలోనూ నవ్వించింది. ఎర్లిందా ఆ ఫోటోని చాలాసేపు చూసింది. తర్వాత ఆ కెమెరా మీది తెల్ల అక్షరాలకి నల్ల టేపు అంటించింది.

దానికీ ఒక జబ్బుంది. వెలుతురు తక్కువైతే కన్ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, ఆ లోపు చెయ్యి కదిలితే బొమ్మ అలుక్కుపోతుంది. అందుకని మసక వెలుతురుకి పనికొచ్చే ఫిలిం ఎక్కించి, అన్నకూతుర్ని ఎదురుగా నిలబెట్టింది.

"మోచేతులు డొక్కలకి ఆనించు. ఏ స్తంభానికో భుజం ఆన్చు. బొత్తాం కొట్టకు, మెల్లగా నొక్కు."

"చెయ్యి వణుకుతోందత్తా."

"సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఊపిరి ఆపుతావు కదే, అలా ఆపు. మీట ఇద్దరు మనుషుల బొమ్మ మీద పెట్టి వదిలెయ్. తెర ఎత్తు, గొలుసు కనబడాలి, కొంగల గుడ్డ కనబడాలి. లేకపోతే ఇది మా తలుపు కాదంటాడు నీ అయ్యగారు."

నసారియా దాన్ని మధ్యాహ్నం తినే టోర్టియా రొట్టెల మూటలో చుట్టుకుని వెళ్ళింది. ఆ కర్మాగారంలో లోపలికి వెళ్ళేటప్పుడు ఎవరూ వెతకరు. బయటికి వచ్చేటప్పుడే, ప్యాంట్ల కోసం, ఒళ్ళంతా తడుముతారు. ఆ సాయంత్రం ఎర్లిందా స్టూడియో గుమ్మంలోనే నిలబడింది, చేతులు నలుపుకుంటూ. పిల్ల దొరికిపోతే ఉద్యోగం ఒక్కటే కాదు, ఊళ్ళో ఇంకే కర్మాగారమూ తీసుకోదు.

నసారియా వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియని మొహంతో.

"ఏమైందే?"

"పీఠం ముందు నిలబడి మూత తీశానో లేదో, నా పక్క మిషన్ లూసిలా చూసేసిందత్తా. 'అయ్యో, నల్లతల్లితో నన్ను కూడా తియ్యవే' అని పరుగెత్తుకొచ్చింది. ఇక అందరూనూ. ఒకతె జడ విప్పి మళ్ళీ వేసుకుంది. ఇద్దరు పువ్వులు సర్దారు. తెర నలిగిందని నలుగురు కలిసి చక్కగా నేలదాకా లాగారు, బొమ్మలో బాగుండాలని!"

"మరి మేస్త్రీ?"

"విలెబాల్దోనా? ఏంట్రా ఈ గోల అని వచ్చాడు. కెమెరా చూశాడు. నా పని అయిపోయిందనుకున్నాను. టోపీ తీసి, మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. 'మా ఆవిడ మురిసిపోతుంది, నాకొకటి ఇవ్వాలమ్మాయ్' అన్నాడు. గేటు దగ్గర కాపలావాడు తడమబోతే, 'ఒరేయ్ వదిలెయ్, అందులో మన తల్లి ఉంది' అని తనే బయటికి పంపించాడు."

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. ఫిలిం కడిగితే అన్నీ ఒకటే రకం. గడ్డాలు పైకి, బొత్తాలు పెట్టుకుని, భక్తిగా చిరునవ్వులు. వెనక తెర ఒక్క ముడత లేకుండా మెరుస్తోంది. దోన్ ఎవేలియో డబ్బిచ్చి తీయించుకున్నా ఇంత అందంగా రాదు. మధ్యలో విలెబాల్దో, కళ్ళు మూసుకుపోయి. ఎర్లిందాకి కోపం ఎవరిమీదో కొంతసేపు తెలియలేదు. ఈ విద్య వాళ్ళకి నేర్పిందెవరు? ఆ మాట తోచాక ఆమె ఇంకెవర్నీ తిట్టలేదు.

"తెర ఎత్తమని ఎవరినైనా అడిగావా?"

"క్రెసెన్సియమ్మని అడిగాను. చేతిమీద ఒక్కటిచ్చింది. 'తల్లి తెర మీద చెయ్యేస్తావా, పడిపోద్ది చెయ్యి!' అంది."

క్రెసెన్సియా ఆ పీఠానికి పూజారిణిలాంటిది. పువ్వులు తెచ్చేది, దుమ్ము తుడిచేది, కొవ్వొత్తులు మార్చేది ఆవిడే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, ఆవిడ సరేననకపోతే ఆ తెర ఎవరూ ముట్టుకోరు. ఎర్లిందా ఫోటో తీసుకుని నేరుగా ఆవిడ ఇంటికే వెళ్ళింది. క్రెసెన్సియా రాతి రోట్లో మిరపకాయలు నూరుతోంది. కూర్చోమని కూడా అనలేదు.

"నిన్ను మీ మేనకోడలు పంపిందా?"

"నా కాళ్ళే పంపాయి. పొగ వచ్చిన రోజున నువ్వూ లోపలే ఉన్నావటగా."

"తల్లి కాపాడింది."

"సరే, కాపాడింది. మళ్ళీ కూడా ఆవిడే కాపాడాలా? తలుపుకి అడ్డంగా ఆవిణ్ణే నిలబెట్టి, ఆవిణ్ణే కాపాడమంటావా? ఆ తాళంకప్ప సంగతి నీకు తెలుసో తెలీదో గానీ..."

"తెలుసు." నూరడం ఆగిపోయింది. "తెలీకేం? ప్రతి శనివారం తెర వెనక తుడిచేది నేనే కదా. ఆ గొలుసుక్కూడా తుప్పు పట్టకుండా నూనె గుడ్డతో తుడిచాను. తల్లి వెనకాల మురికిగా ఉండకూడదని. నా చేతులతో నేనే తుడిచాను, ఎర్లిందా."

ఎర్లిందా ఫోటో ముందుకి చాచింది. క్రెసెన్సియా కారం చేతుల్ని ఏప్రానుకి తుడుచుకుని ఫోటో అందుకుంది. అందులో తన మొహాన్ని చూసుకుంది.

"వాడు మా తల్లిని కాపలా కుక్కని చేశాడు" అంది చాలా మెల్లగా. తర్వాత గొంతు పెంచింది. "ఎత్తుతాను తెర. కానీ దొంగచాటుగా కాదు. నా మొహం కనబడాలి. ఎత్తింది నేనేనని తెలియాలి."

"నీకు మతిపోయిందా? నేను ఇంత వెతికింది ఎవరికీ తెలియకుండా తీసేదాని కోసమే. నీ ఉద్యోగం పోతుంది."

"చాటుగా పెట్టింది వాడు. నేనూ చాటుగా తీస్తే ఇద్దరం ఒకటే."

పట్టుదలలో తనని మించినవాళ్ళు ఊళ్ళో లేరనుకునేది ఎర్లిందా. ఆ రోజుతో ఆ భ్రమ తీరింది.

మర్నాడు నసారియా విలెబాల్దోకి ఫోటో ఇచ్చింది. "అన్నా, నువ్వు కళ్ళు మూసేశావు. మీ ఆవిడకి ఇలాంటిది ఇస్తావా?" అంది. ఫోటోలో కళ్ళు మూసుకోవడం ఆ ఊళ్ళో అపశకునం కిందే లెక్క. "ఇంకొకటి తియ్యమ్మాయ్, ఈసారి రెప్ప కూడా వెయ్యను" అన్నాడు. తినే వేళకి చొక్కా టక్ చేసుకుని వచ్చి మధ్యలో నిలబడ్డాడు. ఆడవాళ్ళు అటూ ఇటూ నిలబడ్డారు. ఈసారి ఎవరూ జడ సర్దుకోలేదు. క్రెసెన్సియా వాళ్ళకి పొద్దున్నే ఏం చెప్పిందో గానీ ఒక్కరూ మాట్లాడలేదట.

చీకటిగదిలో ఆ బొమ్మ తేలుతున్నప్పుడు ఎర్లిందా తనే ఊపిరి బిగబట్టింది. కదిలిందా? అలుక్కుపోయిందా? ముందు కొవ్వొత్తులు వచ్చాయి. తర్వాత కొంగలు. తర్వాత విలెబాల్దో, కళ్ళు చేపలా తెరుచుకుని, ఛాతీ విరుచుకుని, నడుముకి తాళంచెవుల గుత్తి వేలాడుతూ. అతని వెనకాల క్రెసెన్సియా. ఎడమచేత్తో తల్లి తెర పక్కకి ఎత్తి పట్టుకుంది. కుడిచేత్తో గొలుసుని తాళంకప్పతో సహా ఛాతీదాకా లాగి చూపిస్తోంది. కళ్ళు సూటిగా కెమెరాలోకి. చుట్టూ ఉన్న ఆడవాళ్ళ చూపులూ అంతే. ఏప్రాన్లకి నూలుపోగులు, చేతులకి నీలం మరకలు, ఒకరి మొహంలోనూ నవ్వు లేదు. గొలుసులో ప్రతి లింకూ లెక్కపెట్టుకోవచ్చు. నసారియా చెయ్యి వణకలేదు.

"నా పిల్లలు" అంది ఎర్లిందా గట్టిగా, ఆ గదిలో ఎవరూ లేకపోయినా. ఏడ్చింది కూడా.

ఒక కాపీ తనిఖీ చేసే ఆయనకి పంపింది. ఇంకొకటి పెద్దదిగా చేసింది. స్టూడియో కిటికీలో పెళ్ళికూతుళ్ళని, తెల్లగౌన్ల పిల్లల్ని అందర్నీ దించేసి, అదొక్కటే పెట్టింది. ఆదివారం గుడి వదిలేసరికి కిటికీ ముందు ఊరు మూగింది. మొదట నవ్వారు, విలెబాల్దోని చూసి. తర్వాత నవ్వు ఆగింది. "అది మా అక్క" అన్నారెవరో. "అది మా అమ్మ." "అది మా కోడలు." నిప్పు లేనిదే పొగ రాదంటారు, ఆ రోజు పొగ ఎందుకు బయటికి పోలేదో ఊరందరికీ తెలిసింది.

దోన్ ఎవేలియో తనే వచ్చాడు. జనం దారిచ్చారు గానీ ఎవరూ టోపీ తీయలేదు.

"ఎర్లిందా, అది దించు."

"ఏం, బాగా రాలేదా?"

"తల్లిని అవమానించే ఫోటో అది."

"అవునండీ. అందుకే పెట్టాను."

"ఈ ఊళ్ళో బళ్ళ పిల్లల ఫోటోలన్నీ నీకు ఎవరు ఇప్పిస్తున్నారో మర్చిపోయినట్టున్నావు."

"మర్చిపోలేదు. ఇంకెవరికైనా ఇప్పించండి. మా నాన్న కుర్చీ లోపలే ఉంది, కావాలంటే గుమ్మంలో వేసుకు కూర్చుంటాను. కిటికీ మీద చెయ్యి వేసి చూడండి మీరు."

చెయ్యి వేయలేదు. బళ్ళ ఫోటోలు మాత్రం మాట ప్రకారం పోయాయి, ఆ వారమే. పెళ్ళిళ్ళు కూడా కొన్ని పోయాయి. ఎర్లిందా ఆ చలికాలం రోజూ చిక్కుడుగింజలే తింది. విలెబాల్దోని వేరే చోటికి మార్చారు గానీ, ఆడవాళ్ళలో ఒక్కరినీ తీసేయలేకపోయారు, ఊరు చూస్తోంది కాబట్టి. తనిఖీ ఆయన మళ్ళీ వచ్చి ఈసారి తెర ఎత్తమన్నాడు. గొలుసు అంతకుముందే మాయమైంది. తలుపు పిడి మీద ఇనుము గీరిన గాట్లు మాత్రం అలాగే ఉన్నాయి.

దోన్ ఎవేలియో పీఠాన్ని తన ఆఫీసు గదికి మార్పించాడు. మీకు తల్లి విలువ తెలియదన్నాడు. మర్నాడు తినే గంట కొట్టగానే క్రెసెన్సియా నేరుగా ఆ గదిలోకి నడిచింది, వెనక ఆడవాళ్ళందరూ. నల్లతల్లిని భుజాలకెత్తుకుని, కుట్టుబల్లల మధ్యనుంచి తీసుకొచ్చి, వెనక తలుపు తోసుకుని సందులోకి వచ్చారు. ఎండలో నిలబడ్డారు. సందు చివర ఎర్లిందా ఉంది.

కొత్త మేస్త్రీ లబలబలాడుతూ వెంటపడ్డాడు. "ఎక్కడికమ్మా? ఎక్కడికి పోతున్నారు అందరూ?"

"ఎక్కడికీ కాదు నాయనా," అంది క్రెసెన్సియా. "తలుపు తెరుచుకుంటుందో లేదో చూస్తున్నాం. రేపు కూడా చూస్తాం."

మళ్ళీ గంట కొట్టేదాకా తల్లితోపాటు అక్కడే కూర్చుని టోర్టియాలు తిన్నారు. తర్వాత ఆ తలుపులోంచే లోపలికి వెళ్ళారు, దాన్ని మూయకుండా.